సామ్ కుక్, ఒటిస్, అరీథా, హెండ్రిక్స్: లైవ్‌లో చూసే రాత ఎలాగూ లేదు, మరి ఏ రికార్డింగ్‌తో మొదలుపెట్టాలి?

మ్యూజిక్ పిచ్చి ఉన్నోళ్లు నలుగురు ఒకచోట కూర్చుంటే ఈ ప్రశ్న రాకుండా పోదు, చనిపోయినవాళ్లలో ఒక్కళ్లని లైవ్‌లో చూడొచ్చు అంటే ఎవర్ని చూస్తావ్ అని. ఒకడు హెండ్రిక్స్ అంటాడు, ఇంకొకడు ఫ్రెడ్డీ మెర్క్యురీ అంటాడు, ఒకమ్మాయి అరీథా పేరు చెప్పి కాసేపు ఇంకేం మాట్లాడదు. నేను పదిహేనేళ్లుగా ఒకటే పేరు చెప్తున్నా, అమెరికా సోల్ సింగర్ సామ్ కుక్, అది కూడా ఫలానా ఊళ్లో ఫలానా రాత్రి అని డేట్‌తో సహా చెప్తా.

వీళ్ల వయసులు చూస్తే కడుపు తరుక్కుపోద్ది. ఆల్‌మన్ బ్రదర్స్ బ్యాండ్ గిటారిస్ట్ డ్యూయేన్ ఆల్‌మన్ 24కే పోయాడు, ఒటిస్ రెడింగ్ 26, హెండ్రిక్స్, జానిస్ జాప్లిన్ ఇద్దరూ 27, సామ్ కుక్, డానీ హాథవే ఇద్దరూ 33. మనకి మిగిలింది టేపులు, కొంచెం ఫిల్మ్. ఆ మిగిలింది కూడా తక్కువేం కాదు, అసలు చిక్కంతా అక్కడే, యాప్‌లో హెండ్రిక్స్ పేరు కొడితే లైవ్ ఆల్బమ్‌లే గుట్టలుగా వస్తాయి, కొత్తగా వినేవాళ్లు పైనున్నది ఏదో ఒకటి నొక్కుతారు, సౌండ్ బాగోలేదని రెండు పాటలకే ఆపేస్తారు, ఇక ఆ పేరు జోలికి పోరు. అలా వదిలేసినవాళ్లు నాకు తెలిసినవాళ్లలోనే చాలామంది ఉన్నారు. అందుకే ఇది రాస్తున్నా, ఎవరు గొప్ప అని కాదు, ఎవరిది ఏ రాత్రి ముందు వింటే మీకు ఆ మనిషి దొరుకుతాడు అని.

నేను ఎంచుకునే పద్ధతి మా నాన్న దగ్గర్నుంచి వచ్చింది. ఆయనది తెనాలి దగ్గర పల్లెటూరు, చిన్నప్పుడు పద్యనాటకాలు రాత్రంతా కూర్చుని చూసిన మనిషి. పీసపాటి నరసింహమూర్తి గారి కృష్ణుడిని చూశానని ఇప్పటికీ చెప్తాడు, ‘జెండాపై కపిరాజు’ పద్యం ఎత్తుకుంటే జనం ఎలా ఊగిపోయేవాళ్లో, వన్స్‌మోర్ అంటే మళ్లీ మొదట్నుంచీ ఎలా పాడేవారో. నేను ఒకసారి ఆ పద్యం ఫోన్‌లో పెట్టి వినిపిస్తే శ్రద్ధగా విని ఒక మాటన్నాడు, పద్యం ఉంది గానీ వన్స్‌మోర్ లేదురా అని. ఆ మాట నాకు పట్టుకుంది. సోల్ మ్యూజిక్, అంటే చర్చి పాటల్లోంచి పుట్టిన అమెరికా నల్లవాళ్ల సంగీతం, అదైతే మరీను, అందులో సగం పాట జనానిది, బుర్రకథలో వంతలాగా. వంత వినపడని సోల్ రికార్డింగ్ ఎంత క్లియర్‌గా ఉన్నా నాకు స్టూడియో పాటే.

ఇంకో సంగతి, పెద్ద స్టేజ్ టేప్‌లోకి ఎక్కదు. 2011 అక్టోబర్‌లో బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మెటాలికా షోకి నేను వెళ్లా, కాచిగూడలో ట్రైనెక్కి నిలబడి మరీ వెళ్లా, ఆ రాత్రి పక్కనున్న ముక్కూ మొహం తెలియనివాడి భుజం పట్టుకుని గొంతు పోయేలా అరిచా. తర్వాత దాని వీడియోలు ఎన్ని చూసినా నాకు ఆ రాత్రి మళ్లీ దొరకలేదు. వేలమంది అరుపు మైకుల్లోకి వెళ్లేసరికి ఒక హోరైపోతుంది, అదే చిన్న క్లబ్‌లో అయితే ఒక్కొక్క గొంతు విడిగా వినిపిస్తుంది, ఆవిడెవరో నవ్వింది, వాడెవడో ఈల వేశాడు అని తెలుస్తుంది. కాబట్టి నా లెక్కలో చిన్న గదికే ఎప్పుడూ ముందు చోటు.

ఆ లెక్కన మొదటిది సామ్ కుక్, 1963 జనవరి 12, మయామీలో హార్లెమ్ స్క్వేర్ క్లబ్. ఓవర్‌టౌన్ అని నల్లవాళ్లు ఉండే పేట, అక్కడి క్లబ్ ఇది. సామ్ కుక్ మొదట చర్చి పాటలవాడు, సోల్ స్టిరర్స్ అనే గోస్పెల్ గ్రూప్‌లో పాడేవాడు, తర్వాత 1957లో ‘యు సెండ్ మీ’తో పాప్‌లోకి వచ్చాడు, రేడియోలో ఆ గొంతు వెన్నలా ఉండేది. ఆర్‌సీఏ కంపెనీ ఆ రాత్రి లైవ్ ఆల్బమ్ కోసమే రికార్డ్ చేయించి, తీరా విన్నాక ఇది మరీ మోటుగా ఉంది, తెల్లవాళ్ల ఇళ్లల్లో మోగే సామ్ కుక్ ఇమేజ్‌కి సరిపోదని పక్కన పెట్టేసింది. అది బయటికొచ్చింది 1985లో. మనిషి 1964 డిసెంబర్‌లోనే పోయాడు. అంటే ఆయన అభిమానులు ఇరవై ఏళ్లకి పైగా ఈ గొంతు వినకుండానే ఆయన్ని ప్రేమించారు, అది తల్చుకుంటేనే నాకు ఏదోలా ఉంటుంది.

‘బ్రింగ్ ఇట్ ఆన్ హోమ్ టు మీ’ దగ్గర ఏం జరుగుతుందో చెప్తా. పాట వెంటనే మొదలవదు. ముందు మాటలు, అలిగి వెళ్లిపోయిన అమ్మాయికి ఫోన్ చేస్తున్నట్టు, ఆపరేటర్‌తో మాట్లాడుతున్నట్టు, మధ్యలో ‘యు సెండ్ మీ’ ఒక ముక్క తీస్తాడు, ఆడవాళ్లు కేకలేస్తారు, ఆ ముక్కని అక్కడే వదిలేస్తాడు. గొంతు వెన్న కాదు ఇక్కడ, జీర ఉంటుంది, అంచులు గీసుకుపోయి ఉంటాయి. అప్పుడు అసలు పాటలోకి దిగి ‘యే’ అంటాడు, గదంతా ‘యే’ అంటుంది, మళ్లీ అంటాడు, మళ్లీ అంటారు. వెనకాల కింగ్ కర్టిస్ శాక్సోఫోన్. ఆ పేరు గుర్తుపెట్టుకోండి, ఇంకోచోట వస్తాడు. నాన్నకి ఇది వినిపించా ఒక ఆదివారం, ఇంగ్లీష్ పాట ఆయనకి ఒక్క ముక్క అర్థం కాదు, పేపర్ మడిచి పక్కన పెట్టి, జనం అడక్కముందే ఈయనే వన్స్‌మోర్ ఇచ్చేస్తున్నాడేంట్రా అన్నాడు. ఈయన ఉన్నాడా అని అడిగాడు, లేడని చెప్పా, వయసెంత అన్నాడు, చెప్పా.

సామ్ కుక్‌దే ఇంకో లైవ్ ఆల్బమ్ ఉంది, 1964 జులైలో న్యూయార్క్ కోపకబానా నైట్‌క్లబ్‌లో రికార్డ్ చేసింది, ‘ఎట్ ద కోపా’. ఇది ఆయన బతికుండగానే వచ్చింది. టేబుళ్ల దగ్గర సూట్లలో కూర్చున్న ఆడియన్స్, ‘టెన్నెస్సీ వాల్ట్జ్’ లాంటి పాటలు, బ్యాండ్ నీట్‌గా ఉంటుంది, అరుపులుండవు, మర్యాదగా చప్పట్లు కొడతారు. చాలామంది ఇది బోర్ అని కొట్టిపారేస్తారు, నేను అలా అనను, ఆయన గొంతు ఎంత క్లాస్‌గా వాడగలడో తెలియాలంటే ఇదే వినాలి, పైగా ఆ గదిలోకి ఒక నల్ల సింగర్ అడుగుపెట్టి గెలవడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. కానీ వరస మాత్రం మార్చకండి, ముందు హార్లెమ్ స్క్వేర్, తర్వాత కోపా. రెండూ వెంటవెంటనే విన్నారంటే ఒకే మనిషి రెండు గదుల్లో రెండు రకాలుగా ఎందుకు పాడాల్సి వచ్చిందో మీకే అర్థమవుతుంది.

హార్లెమ్ స్క్వేర్‌కి పోటీ ఏదైనా ఉందంటే అది జేమ్స్ బ్రౌన్ ‘లైవ్ ఎట్ ద అపోలో’. 1962 అక్టోబర్ 24, న్యూయార్క్ హార్లెమ్‌లో అపోలో థియేటర్. పేర్లు చూసి కంగారుపడకండి, హార్లెమ్ స్క్వేర్ క్లబ్ మయామీలో ఉంది, అసలు హార్లెమ్ న్యూయార్క్‌లో. అది బుధవారం, క్యూబా మిసైళ్ల గొడవతో అమెరికా అంతా బిక్కుబిక్కుమంటున్న వారం, ఇక్కడ మాత్రం హాలు కిక్కిరిసి ఉంది. కింగ్ రికార్డ్స్ ఓనర్ సిడ్ నేథన్, పాత పాటలే మళ్లీ లైవ్‌లో పాడితే ఎవరు కొంటారని డబ్బులు పెట్టనన్నాడు, జేమ్స్ బ్రౌన్ తన జేబులోంచి పెట్టుకుని రికార్డ్ చేయించాడు. 1963లో రిలీజై బిల్‌బోర్డ్ చార్ట్‌లో 66 వారాలు ఉంది, రెండో ప్లేస్ దాకా వెళ్లింది.

మొత్తం ఆల్బమ్ అరగంటే. అందులో పదినిమిషాల పైన ఒక్క ‘లాస్ట్ సమ్‌వన్’ పాటే. బ్యాండ్‌ని తగ్గిస్తాడు, ఇంకా తగ్గిస్తాడు, ఇక ఒకటే చిన్న రిథమ్ మిగులుతుంది, గొంతు దాదాపు గుసగుస, హాల్లో ఎవరో ఒకావిడ ఆగలేక కేక పెడుతుంది, ఆ కేకని పట్టుకుని ఆయన మళ్లీ ఒక మెట్టెక్కుతాడు. ఎల్‌పీ రోజుల్లో ఈ పాట మధ్యలో రికార్డ్ తిరగేయాల్సి వచ్చేది, ఒక వైపు సగం, రెండో వైపు సగం, మనకి ఇప్పుడు ఆ బాధ లేదు.

ఈ రెండిట్లో ఏది అంటే, మీకు రిథమ్, బ్యాండ్ పట్టు, కత్తిలాంటి టైమింగ్ ఇష్టమైతే అపోలో. మనిషితో కూర్చుని పాడినట్టు ఉండాలంటే హార్లెమ్ స్క్వేర్. జేమ్స్ బ్రౌన్ దగ్గర జనం ఆయన చేతిలో ఉంటారు, సామ్ కుక్ దగ్గర జనం ఆయన పక్కన ఉంటారు. నాకు రెండోదే కావాలి. అయితే జేమ్స్ బ్రౌన్‌ని వినడం సగం పనే, ఆయన కాళ్లు చూడాలి, దానికి 1964లో కాలిఫోర్నియా శాంటా మోనికాలో తీసిన ‘టామీ షో’ ఫిల్మ్ ఉంది. మోకాళ్ల మీద కూలబడతాడు, ఎవరో వచ్చి భుజాల మీద కేప్ కప్పి తీసుకెళ్లబోతారు, నాలుగడుగులు వేసి విదిలించుకుని మైకు దగ్గరికి పరిగెత్తుకొస్తాడు. ఆయన తర్వాత స్టేజ్ ఎక్కాల్సి వచ్చింది రోలింగ్ స్టోన్స్‌కి, అప్పటికి వాళ్లు కుర్రాళ్లు.

ఒటిస్ రెడింగ్ దగ్గరికొస్తే నా రూల్ నేనే తప్పుతా, ఎందుకంటే ఆయనకి పెద్ద స్టేజే కరెక్ట్. 1967 జూన్ 17 శనివారం రాత్రి, కాలిఫోర్నియా మాంటెరే పాప్ ఫెస్టివల్. కింద కూర్చున్నది ఎక్కువగా తెల్ల హిప్పీ కుర్రకారు, సోల్ సంగీతం అంతగా తెలియనివాళ్లు, వెనకాల బ్యాండ్ బుకర్ టీ అండ్ ద ఎంజీస్, పాడింది ఐదే పాటలు. ‘రెస్పెక్ట్’ ముందు ఆయన ఒక మాట చెప్తాడు, ఈ పాటని నా ఫ్రెండ్ ఒకమ్మాయి నా దగ్గర్నుంచి తీసేసుకుంది అని. రాసింది ఆయనే, 1965లో ఆయనే పాడాడు, కానీ సరిగ్గా ఆ జూన్‌లో అరీథా ఫ్రాంక్లిన్ పాడిన ‘రెస్పెక్ట్’ అమెరికాలో నంబర్ వన్. కోపం లేదు ఆ మాటలో, మురిపెం ఉంది. తర్వాత ‘ఐ హావ్ బీన్ లవింగ్ యు టూ లాంగ్’లో ఆ ఫెస్టివల్‌ని సినిమాగా తీసిన డీ ఏ పెన్‌బేకర్ కెమెరా వెనకనుంచి తీస్తుంది, స్పాట్‌లైట్ నేరుగా లెన్స్‌లోకి కొడుతుంటే ఒటిస్ మొహం ఒకసారి నీడగా కనిపిస్తుంది, ఒకసారి వెలుగులో మాయమైపోతుంది. ‘ట్రై ఎ లిటిల్ టెండర్‌నెస్’ అయితే మెల్లగా జోలపాటలా మొదలై, చివరికి ఆ మనిషి కాళ్లతో స్టేజిని తొక్కుతుంటాడు. ఆరు నెలలు తిరక్కుండానే డిసెంబర్ 10న విస్కాన్సిన్‌లో మొనోనా సరస్సులో విమానం కూలి పోయాడు. ‘డాక్ ఆఫ్ ద బే’ చనిపోవడానికి కొద్దిరోజుల ముందు రికార్డ్ చేసింది, అది నంబర్ వన్ అయ్యిందని ఆయనకి తెలియదు.

క్లబ్‌లో ఒటిస్ కావాలంటే 1966 ఏప్రిల్‌లో లాస్ ఏంజెలెస్ విస్కీ ఎ గో గో రికార్డింగులు ఉన్నాయి, అక్కడ ఆయన సొంత టూరింగ్ బ్యాండ్, కొంచెం గజిబిజిగా వాయిస్తారు, చెమట వాసన వస్తుంది ఆ టేపులోంచి. అవి రెండో విడతకి ఉంచుకోండి. ఒటిస్‌ని కొత్తగా పరిచయం చేయాలంటే మాంటెరేనే పెట్టండి, ఇరవై నిమిషాల పని, వీడియోతో సహా. నేను ఇప్పటిదాకా ఎంతమందికి చూపించానో లెక్కలేదు, మధ్యలో లేచి వెళ్లినవాళ్లు మాత్రం లేరు.

అరీథాకి కూడా రెండు దారులున్నాయి, ఇక్కడ ఎంచుకోవడమే నాకు అన్నిటికన్నా కష్టమైంది.

ఒకటి ‘లైవ్ ఎట్ ఫిల్‌మోర్ వెస్ట్’, 1971 మార్చిలో మూడు రాత్రులు, శాన్ ఫ్రాన్సిస్కో. అది రాక్ బ్యాండ్ల హాలు, బిల్ గ్రాహమ్ నడిపేవాడు, అరీథా అక్కడ పాడటం అంటే పరాయి ఊరికెళ్లి కచేరీ చేయడమే. ఆర్గాన్ మీద బిల్లీ ప్రెస్టన్, బ్యాండ్ లీడర్ ఎవరనుకున్నారు, కింగ్ కర్టిస్, ఎనిమిదేళ్ల క్రితం మయామీలో సామ్ కుక్ వెనకాల ఊదిన మనిషే. ఆఖరి రాత్రి ప్రేక్షకుల్లో ఉన్న రే చార్లెస్‌ని అరీథా చెయ్యి పట్టుకుని స్టేజి మీదికి తీసుకొచ్చింది, ‘స్పిరిట్ ఇన్ ద డార్క్’ ఇద్దరూ కలిసి ఆపకుండా లాగారు. ఆ ఆగస్టులోనే కింగ్ కర్టిస్ న్యూయార్క్‌లో హత్యకి గురయ్యాడు. నాకు శాక్సోఫోన్ అంటే ఇప్పటికీ ఆయనే.

రెండోది ‘అమేజింగ్ గ్రేస్’, 1972 జనవరి 13, 14, లాస్ ఏంజెలెస్‌లో న్యూ టెంపుల్ మిషనరీ బాప్టిస్ట్ చర్చి. ఇది కచేరీ కాదు, ఆరాధన. గోస్పెల్‌లో పెద్ద పేరున్న జేమ్స్ క్లీవ్‌లాండ్ నడిపించాడు, వెనకాల సదరన్ కాలిఫోర్నియా కమ్యూనిటీ కోయర్. సిడ్నీ పొలాక్ దీన్ని సినిమాగా తీశాడు గానీ క్లాపర్ బోర్డులు కొట్టలేదు, దాంతో బొమ్మకి సౌండ్ జత కుదరక రీళ్లన్నీ దశాబ్దాలు పడి ఉన్నాయి, తర్వాత టెక్నాలజీ వచ్చి కుదిరినా అరీథా తన అనుమతి లేకుండా వేయొద్దని కోర్టుకెళ్లింది, చివరికి 2018లో ఆవిడ పోయాకే జనం చూశారు. అందులో టైటిల్ పాట సగంలో క్లీవ్‌లాండ్ పియానో వదిలేసి పక్కకెళ్లి రుమాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడుస్తాడు, కోయర్‌లోవాళ్లు కుర్చీల్లో కూర్చోలేక లేచిపోతారు, ఆవిడ మాత్రం కళ్లు మూసుకుని నిలబడి ఒక్కో మాటని ఎంతసేపు సాగదీయాలో అంతసేపు సాగదీస్తుంది. రెండో రాత్రి వాళ్ల నాన్న సీ ఎల్ ఫ్రాంక్లిన్ వచ్చాడు, ఆయనా పెద్ద పాస్టరే, కూతురు పియానో దగ్గర పాడుతుంటే లేచొచ్చి ఆమె మొహం మీద చెమట తుడుస్తాడు. అప్పటికి ఆమె అమెరికాలోనే పెద్ద సింగర్లలో ఒకరు, ఆ ఒక్క క్షణం చిన్నపిల్లలా పాడుతూనే ఉంటుంది.

మన గుంటూరు, కృష్ణా వైపు చర్చి కూడికలకి వెళ్లినవాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు, ముందు వరసలోంచి ఎవరో ‘స్తోత్రం’ అంటారు చూడండి, పాట అక్కడ్నుంచి ఇంకో పైమెట్టుకి వెళ్తుంది, అదే ఇది. మతంతో పని లేనివాళ్లకి కూడా నేను ఇదే ముందు చెప్తా. ఫిల్‌మోర్ వెస్ట్ అంటే నాకు చాలా ప్రేమ, కారులో దూరం వెళ్లేటప్పుడు అదే పెడతా, కానీ ఆ మనిషి గొంతు ఎక్కడ పుట్టిందో చూడాలంటే ఆ చర్చిలోకే వెళ్లాలి. మంచి టీవీ, మంచి స్పీకర్లు ఉన్న రోజు చూడండి, ఫోన్‌లో చూడకండి ప్లీజ్.

ఇక అందరికీ ఈ పేరే ముందు చెప్పాలనిపించేది డానీ హాథవే. మనవైపు వినేవాళ్లు తక్కువ. ‘లైవ్’ అని 1972లో వచ్చిన ఆల్బమ్, సగం హాలీవుడ్ ట్రబడూర్ క్లబ్‌లో, సగం న్యూయార్క్ బిట్టర్ ఎండ్‌లో రికార్డ్ చేశారు. రెండూ చిన్న గదులే. క్యారల్ కింగ్ రాసిన ‘యు హావ్ గాట్ ఎ ఫ్రెండ్’ ఉంది ఇందులో. ఆయన ఎలక్ట్రిక్ పియానో మీద మొదటి రెండు మూడు స్వరాలు వేశాడో లేదో, నోరు తెరవకముందే గదంతా గుర్తుపట్టి అరుస్తుంది. కోరస్ దగ్గరికొచ్చాక ఆయన పాడటం కన్నా వాళ్లు పాడటమే ఎక్కువ, అందులో ఆడవాళ్ల గొంతులు పైన తేలుతుంటాయి, శ్రుతి తప్పినవాళ్లు కూడా ఒకళ్లిద్దరు ఉంటారు, ఆయన కింద నుంచి పియానోతో వాళ్లందర్నీ మోస్తుంటాడు. గాయకుడు వంత, జనం కథ చెప్పేవాళ్లు, తిరగబడిపోతుంది అక్కడ. ఆయన తన 33వ ఏట 1979 జనవరిలో వెళ్లిపోయాడు, చాలా ఏళ్లు మానసిక జబ్బుతో పోరాడాడు. ఆ రాత్రి మాత్రం ఆ గదిలో ఆయన ఒంటరిగా లేడు, టేప్‌లో వినిపిస్తుంది అది.

ఆ ఆల్బమ్ వచ్చిన 1972లోనే అక్టోబర్‌లో బిల్ విథర్స్ న్యూయార్క్ కార్నెగీ హాల్లో పాడింది కూడా ఉంది, మాటలు ఇష్టమైనవాళ్లకి అది. పాటకీ పాటకీ మధ్య మాట్లాడతాడు, వాళ్ల అమ్మమ్మ గురించి, వియత్నాం నుంచి చెయ్యి పోగొట్టుకుని వచ్చిన కుర్రాడి గురించి, పక్కింటి అన్నయ్య అరుగు మీద కూర్చుని చెప్పినట్టు ఉంటుంది.

రాక్ వైపు వస్తే ఇక్కడ గొడవలన్నీ హెండ్రిక్స్ మీదే. మాంటెరేలో గిటార్ తగలబెట్టిన రాత్రి అందరికీ తెలుసు, 1967 జూన్ 18, ఒటిస్ పాడిన మర్నాడు. తర్వాత 1970లో ఒకే ఎల్‌పీ మీద ఒక వైపు హెండ్రిక్స్, ఇంకో వైపు ఒటిస్ వేసి రిలీజ్ చేశారు, నాకు ఆ రికార్డ్ కన్నా అందమైన జత ఇంకోటి తెలియదు. వుడ్‌స్టాక్ 1969 ఆగస్టు 18 సోమవారం పొద్దున, లక్షల్లో వచ్చిన జనం చాలావరకు అప్పటికే ఇళ్లకి వెళ్లిపోయారు, బురద, చెత్త, ఆ మిగిలిన వాళ్ల ముందు అమెరికా జాతీయగీతాన్ని గిటార్‌తో బాంబులు పడుతున్నట్టు వాయించాడు. చూడాల్సిందే, నాలుగు నిమిషాలు కూడా ఉండదు.

కానీ వినడానికి నేను చెప్పేది ఈ రెండూ కాదు, ‘బ్యాండ్ ఆఫ్ జిప్సీస్’. 1969 డిసెంబర్ 31, 1970 జనవరి 1, న్యూయార్క్ ఫిల్‌మోర్ ఈస్ట్ షోలు, బేస్ బిల్లీ కాక్స్, డ్రమ్స్ బడ్డీ మైల్స్. హెండ్రిక్స్ పేరు రాకముందు ఐస్లీ బ్రదర్స్, లిటిల్ రిచర్డ్ లాంటి వాళ్ల వెనకాల గిటార్ వాయించిన మనిషి, సోల్ బ్యాండ్లలో పెరిగాడు, ఆ నేల మళ్లీ ఇక్కడ తగులుతుంది. ‘మెషీన్ గన్’ పన్నెండు నిమిషాలు, వియత్నాం యుద్ధం నడుస్తున్న రోజులు, డ్రమ్స్ తుపాకీలా టకటకలాడుతుంటే గిటార్ ఒక్క స్వరాన్ని పట్టుకుని అలా ఉండిపోతుంది, మనిషి ఏడిస్తే గొంతు పూడుకుపోతుంది చూడండి, అలా. హెడ్‌ఫోన్స్‌తో, లైట్లు తీసేసి. ఇంకో తొమ్మిది నెలలకి ఆయన లేడు.

ఫ్రెడ్డీ మెర్క్యురీ బ్యాండ్ క్వీన్ విషయంలో అందరూ లైవ్ ఎయిడ్ అనే సహాయనిధి కచేరీ అంటారు, 1985 జులై 13, వెంబ్లీ, 21 నిమిషాలు, ‘రేడియో గా గా’కి స్టేడియం మొత్తం ఒకేసారి చప్పట్లు. నిజమే, పెద్ద స్టేజ్ టేప్‌లోకి ఎక్కదని పైన చెప్పాను కదా, ఒటిస్ మాంటెరేలాగే ఇదీ మినహాయింపే, ఎందుకంటే అక్కడ 72 వేలమందిని ఫ్రెడ్డీ ఒకే గొంతుగా మార్చేశాడు, హోరు కాదు అది, కోరస్. అయినా ఒకసారి 1981 మాంట్రియల్ షో కూడా చూడండి, అందులో ఆయన మొహం, వేళ్లు, ఊపిరి దగ్గర్నుంచి కనిపిస్తాయి. ‘సమ్‌బడీ టు లవ్’ వింటే అరీథా మీద ఆయనకున్న ప్రేమ తెలిసిపోతుంది, ఆ పాట పుట్టిందే గోస్పెల్ మీద ఇష్టంతో. జాంజిబార్‌లో పుట్టిన పార్సీ పిల్లాడు ఫరూఖ్ బుల్సారా, మన పంచగని బోర్డింగ్ స్కూల్లో పియానో నేర్చుకుని, అంత దూరం వెళ్లి అరీథాని పట్టుకున్నాడు. లైవ్ ఎయిడ్ చూసేసినవాళ్లకి నా సలహా మాంట్రియల్, అసలేం చూడనివాళ్లకి లైవ్ ఎయిడ్.

మిగతావి గబగబా చెప్తా. గట్టిగా, మొరటుగా కావాలంటే ద హూ అనే బ్యాండ్ వాళ్ల ‘లైవ్ ఎట్ లీడ్స్’, 1970 ఫిబ్రవరి 14, యూనివర్సిటీ భోజనాల హాల్లో వాయించారు. లెడ్ జెపెలిన్ అయితే 1972 కాలిఫోర్నియా షోల నుంచి 2003లో వేసిన ‘హౌ ద వెస్ట్ వాజ్ వన్’. ఆ 1972లోనే ఆ బ్యాండ్‌లోని జిమ్మీ పేజ్, రాబర్ట్ ప్లాంట్ బొంబాయి వచ్చి కొలాబాలో స్లిప్ డిస్క్ అనే చిన్న క్లబ్‌లో వాయించారు కూడా, ఆ రాత్రి అక్కడున్నవాళ్లంటే నాకు నిజంగా అసూయ. ఆల్‌మన్ బ్రదర్స్ ‘ఎట్ ఫిల్‌మోర్ ఈస్ట్’, 1971 మార్చి, అరీథా అవతల ఫిల్‌మోర్ వెస్ట్‌లో పాడిన నెలే. ఒటిస్‌కి మేనేజర్‌గా ఉన్న ఫిల్ వాల్డెనే తర్వాత వీళ్లకీ మేనేజర్, ఒటిస్ పెరిగిన మేకన్ ఊళ్లోనే ఆ అక్టోబర్‌లో డ్యూయేన్ బైక్ యాక్సిడెంట్‌లో పోయాడు.

ఒక్కళ్లని ఎంచుకోలేం, అందర్నీ కొంచెం కొంచెం చూడాలి అనేవాళ్లకి ‘సమ్మర్ ఆఫ్ సోల్’ డాక్యుమెంటరీ ఉంది, 2021లో వచ్చింది. 1969 వేసవిలో హార్లెమ్ పార్కులో వారం వారం జరిగిన ఉచిత కచేరీల ఫిల్మ్ యాభై ఏళ్లు అలా పడి ఉంది. పందొమ్మిదేళ్ల స్టీవీ వండర్ డ్రమ్స్ వాయించడం, నీనా సిమోన్, మహాలియా జాక్సన్ మైకు మేవిస్ స్టేపుల్స్‌కి అందించి ఇద్దరూ కలిసి పాడటం, అన్నీ ఉన్నాయి. ఇంట్లో అందరూ కలిసి చూడటానికి నా లిస్టులో ఇదే బెస్ట్.

వినేముందు రెండు పనులు చేయండి. యాప్‌లో షఫుల్ తీసేయండి, క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివర్ని ఇంకో పాట మొదలుతో కలిపేసేది) ఉంటే అదీ తీసేయండి, అపోలో లాంటి వాటిలో పాటకీ పాటకీ మధ్య గ్యాప్ ఉండదు, ఒకదాంట్లోంచి ఇంకోటి పుడుతుంది, షఫుల్‌లో వింటే ఏం లేదు. ఇంకోటి, బెస్ట్ ఆఫ్ లైవ్ అని వేర్వేరు రాత్రుల ముక్కలు కలిపిన ప్లేలిస్టులతో మొదలుపెట్టొద్దు, ఒక రాత్రిని మొదట్నుంచి చివరిదాకా వినండి.

అరగంటే ఉందా, అపోలో. ముప్పావుగంట ఉండి మనసు బాగోలేదా, డానీ హాథవే, అందులో ఆఖరి పాటలో విల్లీ వీక్స్ బేస్ సోలో వచ్చేటప్పుడు సౌండ్ కొంచెం పెంచుకోండి. ఫ్రెండ్స్ వచ్చి టీవీ ఆన్ చేశారా, ఒటిస్ మాంటెరే, వెంటనే క్వీన్. ఒంటరిగా కూర్చుని ఒక మనిషిని కలవాలనిపిస్తే సామ్ కుక్. రేపు పొద్దున్నే లేవాల్సిన పనుంటే మాత్రం ఆల్‌మన్ బ్రదర్స్ పెట్టకండి, ‘విప్పింగ్ పోస్ట్’ ఒక్కటే 23 నిమిషాలు, మధ్యలో ఆపబుద్ధి కాదు.